ఎనిమిది నిమిషాల మనిషి

"నీదెంత, ఎనిమిది నిమిషాలేగా!"

మా ఇంట్లో ఈ మాట పొయ్యి పక్కనుండే ఉప్పుడబ్బా లాంటిది. అందరి చేతికీ అందుతుంది, ఎవరైనా తీసి చల్లొచ్చు. మా చిన్నది నేజాకి జ్వరమొచ్చిందని నర్సరీ వాళ్లు ఫోన్ చేస్తే, "నువ్వే వెళ్లు, నీదెంత." పెద్దాడు లోవ్రోకి బూట్లు బిగుతయ్యాయంటే, "ఆఫీసయ్యాక నువ్వే చూడు, నీదెంత." కార్లకి చలికాలం టైర్లు మార్పించాలన్నా, పైన కొండమీద గోరిత్సాలో మా అత్తగారికి మందులు తీసుకెళ్లాలన్నా అదే మాట. మా ఆయన బోష్త్యాన్ ఈ మాట కోపంగా అనడు. ఆ మాటకొస్తే ఏదీ కోపంగా అనడు. నవ్వుతూ, నా భుజం తట్టి మరీ అంటాడు. కోపంగా అని ఉంటే నాకూ తిరిగి అనడానికి ఏదో ఒకటి దొరికేది.

అతను పొద్దున్నే ఆరింటికి కారెక్కి రాజధాని ల్యుబ్ల్యానా వెళ్తాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఏ మనిషిని ఏ భవనానికి పంపాలో చూసే ఉద్యోగం. పోవడానికి యాభై అయిదు నిమిషాలు, రావడానికి ఇంకాస్త ఎక్కువ. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ రోడ్డు తలలో తిరుగుతూనే ఉంటుందట. అది దిగేదాకా సోఫాలో పడుకోవాలి. పిల్లలకి ఆ సంగతి బాగా తెలుసు. "నాన్న తలలోంచి రోడ్డు దిగుతోంది, అల్లరి చెయ్యకు" అని లోవ్రో నోటిమీద వేలేసి చెల్లెలికి చెప్తాడు. నా తలలో రోడ్డేమీ ఉండదు కనుక నేను కోటు విప్పి నేరుగా పొయ్యి దగ్గరికి పోతాను.

ఈ ఎనిమిది నిమిషాలు మా ఇంట్లోకి తెచ్చింది వేరే ఎవరో కాదు, నేనే. మా ఆఫీసు చేసే పని మనుషుల్ని ప్రశ్నలడగడం. ఒక్కో ఏడాది ఒక్కో విషయం. ఒకసారి జనం ఏ సబ్బు వాడతారో అడిగాం, ఒకసారి నిద్ర ఎలా పడుతోందో అడిగాం. కిందటేడు వచ్చింది మాత్రం పెద్దపని. యూరప్ దేశాలన్నిట్లో ఒకేసారి, ఒకే ప్రశ్నలతో, ఎవరు ఎక్కడి నుంచి దేనిమీద ఎంతసేపు ప్రయాణం చేసి పనికి పోతున్నారో కనుక్కోవాలి. స్లొవేనియా వంతు మా ఊరు లీతియాలో ఉన్న మా ఆఫీసుకి వచ్చింది. నిజం ఫోన్లు మొదలుపెట్టేముందు ప్రశ్నల్ని ఎవరింట్లో వాళ్లు ఒకసారి ఆడించి చూసుకోవడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. సబ్బు ఏడాది కూడా అలాగే చేశాం. అందుకని ఒక మంగళవారం సాయంత్రం, మా ఆయన తలలోంచి రోడ్డు దిగాక, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

"నిన్న పొద్దున మీరు మొదట ఎక్కడి నుంచి బయల్దేరారు?" అని అడిగాను. ప్రశ్నని ఉన్నదున్నట్టు చదవాలి, ఎదురుగా మొగుడున్నా సరే.

"మీరా! అబ్బో!" అని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఇంటి నుంచి, మేడమ్."

"తర్వాత ఎక్కడ ఆగారు?"

"ఎక్కడా ఆగలేదు. అంటే పెట్రోలు బంకులో కాఫీ తాగాను, సిగరెట్లు కొన్నాను. అదీ చెప్పాలా?"

"అక్కర్లేదు. సొంతానికి కాసేపు ఆగితే ప్రయాణం తెగదు."

అది మా నియమం. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలకి దాన్ని నేర్పింది నేనే. దారిలో పెట్రోలు పోయించుకుంటే, కాఫీ తాగితే, సిగరెట్లు కొనుక్కుంటే ప్రయాణం తెగదు. ఇంకో మనిషి కోసం ఆగితే తెగుతుంది. పిల్లని బడి దగ్గర దింపితే అక్కడితో ఒక ప్రయాణం అయిపోయినట్టు, దాని పేరు 'దింపడం'. అక్కణ్ణుంచి ఇంకోటి మొదలు. చివరికి పని దగ్గర ఆగేదొక్కటే 'పనికి ప్రయాణం', అది కూడా దానికి ముందు ఆగిన చోటి నుంచే లెక్క. అమ్మాయిలకి ఇది అర్థమవడానికి గంట పట్టింది. నేను ఓపిగ్గా చెప్పాను. చెప్తున్నంతసేపూ నాకు ఏమీ తట్టలేదు. నియమం నియమంలానే కనబడింది.

అతనిది అయిపోయింది. ఒక్క గీత. ఇంటి నుంచి ల్యుబ్ల్యానాకి, యాభై అయిదు నిమిషాలు. తర్వాత నాది నేను చెప్పుకుంటూ నింపాను. ఇంటి నుంచి నర్సరీకి, నేజా. నర్సరీ నుంచి బడికి, లోవ్రో. బడి నుంచి రొట్టెల కొట్టుకి, మా అత్తగారి రొట్టె. కొట్టు నుంచి కొండమీద గోరిత్సాకి. అక్కడ మా అత్తగారికి మేజోళ్లు తొడగడం, పొయ్యిలో కట్టెలు పెట్టడం. ఆ తర్వాత గోరిత్సా నుంచి ఆఫీసుకి దిగడం. పనికి ప్రయాణం, ఎనిమిది నిమిషాలు.

బోష్త్యాన్ వంగి చూశాడు. చూసి, బల్లమీద అరచేత్తో కొట్టి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఎనిమిదా! ఏమోయ్, యూరప్ మొత్తానికి నీదే చిన్న దారి అయి ఉంటుంది! సైకిళ్లేసుకుని తిరిగే ఆ నెదర్లాండ్స్ వాళ్లక్కూడా ఉండదు ఇంత సుఖం!"

నేనూ నవ్వాను. నవ్వొచ్చి కాదు. అతను నవ్వితే నవ్వడం పదేళ్ల అలవాటు.

మా వంటింటి కిటికీలోంచి చూస్తే సావా నది, దానిమీద వంతెన, వంతెనకి అవతలి ఒడ్డున పసుపురంగు భవనం. అదే మా ఆఫీసు. రెండో అంతస్తులో మూడో కిటికీ నాది. రాత్రి దీపం ఆర్పడం మర్చిపోతే అంట్లు తోముకుంటూ చూడగలను. ఆ ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఒక్కరోజు కూడా నేను ఈ తలుపులోంచి ఆ తలుపుకి తిన్నగా పోలేదు. పొద్దున్నే దానికి వీపు చూపించి ఊరంతా తిరిగి, కొండెక్కి దిగి, అవతలి వైపు నుంచి దాని దగ్గరికి చేరతాను.

మా అత్తగారి పేరు ష్టెఫ్కా. కాళ్లలో నరాలు ఉబ్బాయి. డాక్టరు బిగుతు మేజోళ్లు వేసుకోమన్నాడు. రాత్రి విప్పుకోవడం ఆవిడకి వచ్చు, పొద్దున తొడుక్కోవడం రాదు. అవి తొడగడం ఒక విద్య. చేతులకి అంట్లు తోమే రబ్బరు తొడుగులు వేసుకోవాలి, లేకపోతే గుడ్డ పట్టు దొరకదు. వేళ్ల దగ్గర మొదలుపెడితే ముడతలు పడి ఆవిడ కేక పెడుతుంది. ముందు మడమ కుదరాలి, మడమ కుదిరితే మిగతాది దానంతటదే వస్తుంది. నేను నేలమీద గొంతుక్కూర్చుని లాగుతుంటే ఆవిడ నా తలమీదుగా కిటికీలోకి చూస్తూ ఊరి సంగతులు చెప్తుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి ఆఫీసులో పది దాటేదాకా ఉంటుంది. ఈమధ్య అది చేతుల్లోనే ఆగడం లేదు. పంటి డాక్టరు సూది వేశాక పెదవి ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉంటోంది. నొప్పేమీ లేదు. ఎవరైనా కొరికినా తెలియదు, అంతే.

పెళ్లయి ఆవిడ గడప తొక్కిన మొదటిరోజే "నన్ను అమ్మా అనాలి, మా దగ్గర అంతే" అంది ఆవిడ. సరే అన్నాను. దేశం అవతలి కొసన ప్రెక్‌మూర్యేలో గుమ్మడితోటల మధ్య నన్ను కన్న అమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ్ని చూడటానికి వెళ్లాలంటే సగంరోజు ప్రయాణం. దానికి మా సర్వేలో 'చుట్టరికం' అని పేరు. ఏడాదికి రెండుసార్లు.

ఆ ఆదివారం భోజనం దగ్గర బోష్త్యాన్ నా ఎనిమిది నిమిషాలని మా అత్తగారి బల్లమీద కూడా పెట్టాడు. ఎప్పటిలాగే ఎద్దుమాంసం సూపు, అందులో సన్నసేమ్యా, తర్వాత వేయించిన బంగాళదుంపలు. బయట కొండమీద ఎండ కాస్తోంది. కింద లీతియా మీద మాత్రం పొగమంచు, పాలగిన్నెలో మీగడలా కట్టుకుని ఉంది. నవంబరులో మాకు రోజూ ఇంతే. సూర్యుడు కావాలంటే కొండెక్కాలి.

"అమ్మా, నీ కోడలు యూరప్ చాంపియన్" అన్నాడు. "పనికి పోవడానికి ఎనిమిది నిమిషాలు. తన సర్వేలోనే తేలింది."

"ఎనిమిదా!" అంది ఆవిడ గరిటె పట్టుకునే. "నా సూపు చల్లారడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకేనా అమ్మాయి ఇంత తెల్లగా నిగనిగలాడుతోంది?"

"నిగనిగలాడటం కాదమ్మా, అది మంచులో ఉండి పాలిపోవడం" అన్నాడు. "అందుకే అంటున్నా. ఎక్కడి నుంచి ఎనిమిది నిమిషాలు? ఇక్కడి నుంచి! ఈ ఇంటి గడప నుంచి! తనే చెప్పింది. యెర్నేయా, అవునా కాదా?"

"అవును" అన్నాను. అవునే మరి.

"ఇంకేం? పైన అంతస్తు నాన్న కట్టి వదిలేసి పోయాడు, పదేళ్లుగా అందులో ఉల్లిపాయలు ఆరుతున్నాయి. కింద ఊళ్లో మన ఫ్లాటు అమ్మేసి ఇక్కడికి వచ్చేస్తే ఆ డబ్బుతో కిటికీలు, వేడి పైపులు, స్నానాలగది అన్నీ అయిపోతాయి. నాకు ల్యుబ్ల్యానా ఇంకో పావుగంట దూరమవుతుంది, పోనీ, నేను భరిస్తాను. నీకేం మారుతుంది చెప్పు? నువ్వు ఎలాగూ ఇక్కడి నుంచేగా పనికి వెళ్తున్నావ్."

నువ్వు ఎలాగూ ఇక్కడి నుంచేగా పనికి వెళ్తున్నావ్. నేను సూపులో చెంచా తిప్పుతూ ఆ వాక్యాన్ని ఆఫీసులో చూసినట్టే చూశాను, తప్పెక్కడుందా అని. తప్పేమీ లేదు. నా నియమం ప్రకారం సరిగ్గా ఉంది. ఈ ఇంటికి నేను ఇంకా రానేలేదు, అప్పుడే నా పొద్దు ఇక్కడ మొదలవుతున్నట్టు నా చేత్తో నేనే ఒప్పేసుకున్నాను.

మా అత్తగారు లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి ఏదో తెచ్చింది. ఉన్ని చెప్పులు, బూడిదరంగువి, కొత్తవి. ఆవిడ ఇంట్లో గుమ్మం పక్కన బుట్టనిండా చెప్పులుంటాయి. వచ్చినవాళ్లు బూట్లు విప్పి అందులోంచి ఒక జత వేసుకుంటారు. నేనూ పదేళ్లుగా ఆ బుట్టలోంచే ఏది దొరికితే అది వేసుకున్నాను.

"ఇవి చుట్టాలవి కావు అమ్మాయ్, నీవి" అంది. "పైన నేల చల్లగా ఉంటుంది."

ఆవిడ ముఖంలో నిజంగా ప్రేమే ఉంది. అది నాకు కనబడింది. కాళ్లు దూర్చాను. సరిగ్గా సరిపోయాయి. నా కొలత ఆవిడకి ఎప్పుడు తెలిసిందో.

ఆ వారంలోనే ఆఫీసులో అన్ని దేశాలవాళ్లం తెరమీద కలిశాం. చిన్నచిన్న గళ్లలో మొహాలు. నెదర్లాండ్స్ నుంచి ఒక పెద్దమనిషి సమావేశం నడిపించాడు. అందరం ఆడించి చూసిన తొలి సమాధానాలని గీతలుగా మార్చి చూపించాడు. ఒక్కో దేశానికి రెండు గీతలు, మగవాళ్లది నీలం, ఆడవాళ్లది నారింజ. ఫిన్లండ్, పోర్చుగల్, హంగరీ, ఐర్లండ్. ఒకచోట రైలు ఎక్కువ, ఒకచోట సైకిలు ఎక్కువ, ఒకచోట దారులు పొడుగు, ఇంకోచోట పొట్టి. ఎక్కడ చూసినా రెండు గీతల్లో నారింజదే పొట్టి.

"ఆడవాళ్లు ఇంటికి దగ్గరలో ఉండే పని ఎంచుకోవడానికి ఇష్టపడతారు. అన్ని దేశాల్లోనూ ఇదే పోకడ" అన్నాడాయన. మంచి గొంతు, తొందరలేని మనిషి. పోర్చుగల్ గడిలో ఉన్న ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆమె వెనకనుంచి పిల్లాడి ఏడుపు వినబడింది. క్షమించమన్నట్టు చెయ్యెత్తి, మైకు ఆపి తన గొంతు తనే కట్టేసుకుంది. పక్కకి తిరిగి ఎవరికో ఏదో చెప్తూ పెదాలు కదుపుతూనే ఉంది. ఈలోగా ఆయన హంగరీకి వెళ్లిపోయాడు.

"స్లొవేనియా నుంచి ఏమైనా చెప్పాల్సింది ఉందా?" అని అడిగాడు.

"ఏమీ లేదు" అన్నాను.

సిగరెట్టు కోసం మెట్లమీదికి వచ్చినప్పుడు మా ఆఫీసులోనే చేసే జ్వోంకా నా పక్కన నిలబడింది. నాకన్నా పదేళ్లు పెద్దది. విడాకులు తీసుకుని ఒక్కతే ఉంటుంది, నోటికి హద్దు లేదు.

"ఏం పొట్టిగీతా, అలా ఉన్నావ్?"

"ఎలా ఉన్నాను?"

"ఉతికి ఆరేసి మడతపెట్టడం మర్చిపోయిన దుప్పటిలా." పొగ వదిలింది. "నా గీతా పొట్టిదేలే. మా ఆయన గీత మాత్రం రోజూ కాస్త కాస్త పొడుగయ్యేది. ఒకరోజు ఇంకా పొడుగై ఇంకో ఇంటిదాకా పోయింది."

నవ్వొచ్చింది, నిజం నవ్వే. అది నవ్వే అని తెలుసుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఫ్లాటు అమ్ముతున్నాం, కొండమీదికి పోతున్నాం అని చెప్పాను. జ్వోంకా సిగరెట్టు గోడకి నలిపి, "నీకిష్టమేనా?" అంది.

"నాకేం మారుతుంది?" అన్నాను. బోష్త్యాన్ మాట నా గొంతుతో బయటికొచ్చింది. జ్వోంకా నా కోటు కాలరు సర్ది లోపలికి వెళ్లిపోయింది.

ఫ్లాటుకి కొనేవాళ్లు తొందరగానే దొరికారు. పక్క ఊరు జాగోర్యే నుంచి ఒక కుర్ర జంట, ఆ అమ్మాయికి అయిదో నెల. ఆ శనివారం మంచు కాసేపు విడింది. ఆ అమ్మాయి గదులన్నీ చూసి వంటింట్లోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"ఎంత బావుందో! అక్కా, ఆ పసుపు భవనం ఏమిటి?"

"మా ఆఫీసు."

"అదేనా! అదృష్టవంతులు మీరు. ఇక్కడి నుంచి ఎంతసేపు పడుతుంది?"

హంగరీలో ఆడవాళ్లు ఎంతసేపట్లో పనికి పోతారో చెప్పగలను, ఐర్లండ్ సంగతి చెప్పగలను. ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి ఎంతసేపో నాకు తెలియదు. ఎప్పుడూ పోలేదు. వెనకనుంచి బోష్త్యాన్ అందుకున్నాడు.

"ఎనిమిది నిమిషాలు" అన్నాడు నవ్వుతూ. "ఈవిడ ఎనిమిది నిమిషాల మనిషి."

ఆ అమ్మాయి కూడా నవ్వింది. నేను కొళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్లీ కడిగాను. ఎక్కడో లోపల, తిమ్మిరి విడేటప్పుడు సూదులు గుచ్చుకుంటాయి చూడండి, అలా ఒకటి గుచ్చుకుంది. ఒకే ఒకటి. తర్వాత మళ్లీ ఏమీ లేదు.

నోటరీ దగ్గర సంతకాలు శుక్రవారం తొమ్మిదింటికని కుదిరింది. ఫ్లాటు ఇద్దరి పేరునా ఉంది, ఇద్దరం పెట్టాలి. గురువారం పొద్దున ఎప్పటిలాగే మా అత్తగారి కాళ్ల దగ్గర కూర్చున్నాను. కుడికాలు అయింది, ఎడమకాలి మడమ కుదురుస్తున్నాను.

"నేనూ మా అత్తకి చేశాననుకో" అంది ఆవిడ కిటికీలోకి చూస్తూ. "అప్పుడు ఇవి లేవు. పట్టీలు కట్టేదాన్ని, ఇంత పొడుగు. పొద్దున పశువుల పని అయ్యాక. ఆవిడ పోయేదాకా పధ్నాలుగేళ్లు కట్టాను."

"కష్టంగా ఉండేదా అమ్మా?" అన్నాను. చేతులు పనిలో ఉంటే నోరు ఏదో ఒకటి అడుగుతుంది.

"ఏమో. గుర్తులేదు" అంది. "అది చిత్రంగా ఉంటుంది అమ్మాయ్. ఆవుల పేర్లు గుర్తున్నాయి. ఏ ఏడు ఎంత గడ్డి కోశామో గుర్తుంది. ఆ పధ్నాలుగేళ్లు నేనెలా ఉన్నానో గుర్తురాదు. నీకిష్టమా అని ఎవరైనా అడిగి ఉంటే, చెప్పిన జవాబైనా గుర్తుండేది. ఎవరూ అడగలేదు." అప్పుడు కిందికి చూసింది నా వైపు. "నిన్ను అడిగాడా వాడు?"

"లేదు."

"అడగడు. అదేం అడిగే విషయం" అంది. అని ఎడమకాలు కదిపి, "ఇక్కడ ముడత పడింది, సర్దు" అంది.

సర్దాను. కట్టెలు పెట్టాను. గుమ్మం దగ్గర ఆ బూడిదరంగు చెప్పులు విప్పి బుట్ట పక్కన పెట్టబోయి, ఎందుకో బుట్టలోనే వేశాను, చుట్టాల చెప్పుల్లో.

శుక్రవారం బోష్త్యాన్ సెలవు పెట్టాడు. ఆరింటికి లేవాల్సిన పని లేదు కనుక ఏడు దాటాక లేచి స్నానాలగదిలో గెడ్డం గీసుకుంటున్నాడు. బయట మంచు కిటికీకి గుడ్డ కట్టినట్టుంది. వంతెన లేదు, నది లేదు, పసుపు భవనం లేదు. పిల్లలు పాలు తాగుతున్నారు. వాళ్ల కోట్లు, టోపీలు కుర్చీమీద వరసగా పెట్టాను. నా కోటు తొడుక్కున్నాను. నా కారు తాళాలు మేకుకి వేలాడుతున్నాయి. తీసుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేనేమీ నిశ్చయించుకోలేదు. రాత్రంతా ఆలోచించానని చెప్పుకుంటే బావుంటుంది కానీ ఆలోచించలేదు, హాయిగా నిద్రపోయాను. చెయ్యి ఆ తాళాలు తీసుకోలేదు, అంతే జరిగింది.

స్నానాలగది తలుపు దగ్గర నిలబడి, "బోష్త్యాన్, పిల్లల్ని నువ్వు దింపు. అమ్మ దగ్గరికీ నువ్వే వెళ్లు. నేను ఆఫీసుకి పోతున్నాను" అన్నాను.

రేజరు చప్పుడు ఆగలేదు. "ఊఁ, సరే సరే. తొమ్మిదికి నోటరీ దగ్గర ఉండు. వచ్చేటప్పుడు అమ్మకి రొట్టె మర్చిపోకు" అన్నాడు.

నేజా ముఖం తుడిచి ముద్దుపెట్టాను. "అమ్మా, నువ్వు ఎటు వెళ్తున్నావ్?" అంది, నేను కోటు వేసుకున్నా తనకి ఇంకా టోపీ పెట్టలేదని.

"ఆఫీసుకి" అన్నాను. "నాన్న దింపుతాడు."

లోవ్రో పాలగ్లాసు మీదుగా చూశాడు. "నాన్నకి మా క్లాసు తెలుసా?"

"నువ్వు చూపించు."

మెట్లు దిగి కుడివైపు తిరిగాను. నా కాళ్లు ఎడమవైపు, కారుండే వైపు, రెండడుగులు వేసేశాయి. వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. వంతెన మీదికి వచ్చాక ఎటు చూసినా తెలుపే. కింద నీళ్ల చప్పుడు ఉంది, నీళ్లు లేవు. ఎదురుగా ఒక ముసలాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చి, "డోబెర్ దాన్" అని పలకరించి మంచులోకి వెళ్లిపోయాడు. మధ్యలో ఒకసారి ఆగాను. ఎవరికోసమూ కాదు. ఊరికే ఇనుప కమ్మీ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. చల్లగా ఉందని తెలిసింది. అప్పుడొకటి గుర్తొచ్చింది, సొంతానికి కాసేపు ఆగితే ప్రయాణం తెగదు.

ఆఫీసులో ఇంకా ఎవరూ రాలేదు. దీపాలు వేసి, నా కిటికీ దగ్గర కూర్చున్నాను. అవతలి ఒడ్డు కనబడటం లేదు. కాసేపటికి జ్వోంకా వచ్చింది. నా బూట్లకి కొండమీది బురద లేకపోవడం, నేను అప్పుడే కుర్చీలో ఉండటం చూసి కనుబొమ్మలెత్తింది. కాఫీ తెచ్చి పక్కన పెట్టి తన చోటికి పోయింది.

తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. బోష్త్యాన్. వెనక మా అత్తగారి గొంతు, ఏదో కసురుతోంది.

"ఏమైంది నీకు? ఎక్కడున్నావ్? నేనింకా అమ్మ దగ్గరే చచ్చాను. ఈ దిక్కుమాలిన మేజోడు ఎక్కదు, ఆవిడేమో అరుస్తోంది. నేజా నర్సరీలో నా కాలు వదల్లేదు. నోటరీ దగ్గర వాళ్లొచ్చి కూర్చున్నారట!"

"రబ్బరు తొడుగులు కిటికీ గూట్లో ఉన్నాయి" అన్నాను. "వేళ్ల దగ్గర లాగకు. ముందు మడమ కుదుర్చు."

"అదికాదు నేనడిగేది..."

"తెలుసు. నోటరీకి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నేను సంతకం పెట్టను. ఫ్లాటు అమ్మడం నాకిష్టం లేదు."

వెనక మా అత్తగారి అరుపు ఆగింది. ఆవిడ విన్నదో, మడమే కుదిరిందో.

"ఇష్టం లేదా!" అన్నాడు. అది అరుపు కాదు. దారిలో ఎప్పుడూ లేనిచోట గోడ తగిలిన మనిషి గొంతు. "ఇప్పుడా చెప్పేది? ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అన్నావా?"

"నువ్వు అడిగావా?"

అతను ఊపిరి పీల్చడం వినబడింది. మళ్లీ పాతగొంతు వెతుక్కున్నాడు, ఆ నవ్వే గొంతు. అది సరిగ్గా దొరకలేదు.

"పొద్దున్నే ఇదంతా పెట్టుకుని... అసలు నీ కారు కిందే ఉంటే నువ్వెలా వెళ్లావ్?"

"నడిచి. ఇంటి నుంచి."

"ఓహో. ఎంతసేపు పట్టిందేమిటి ఎనిమిది నిమిషాల మేడమ్ గారికి?"

కిటికీ బయట మంచు పలచబడుతోంది. వంతెన సగందాకా వచ్చి ఆగింది. అవతల మా వంటింటి దీపం, ఆర్పడం మర్చిపోయినట్టున్నాడు, చిన్నగా వెలుగుతోంది.

"చూసుకోలేదు" అన్నాను.